బియ్యపు పురుగునకు మొదటి బహుమానము

పొద్దెక్కిన పిమ్మట సుబేదారిలోని మా యింటి వెనుక వసారాలో మా అత్తగారు చాట ముందిడుకొని కూర్చుండుట యొక నియమము. మిల్లునుండి వచ్చు బియ్యమును ఈ కాలమున అంతగా చెరుగ నవసరము లేకున్నను, ఆమె చేయి చాట పట్టక మానదు. ఆనాడును ఆమె బియ్యమును చెరిగి, పురుగులను వ్రేలికొనతో అంచునకు నెట్టుచుండగా, సెలవుదినమగుటచే ఇంటనున్న మా అమ్మాయి సెల్‌ఫోను తెచ్చి ఆమె కన్నుల యెదుట పట్టెను.

"ఏందే పిల్లా ఇది? రెక్కల గుర్రమా?"

"కాదు నానమ్మా, నీ చాటల ఉన్నదే. ముక్కుపురుగు."

"ముక్కుపురుగుకు రెక్కలెక్కడియే?"

"ఉన్నయ్ నానమ్మా, మనకు కనపడయ్. ఇగో, దీనికి లోకంల మొదటి బహుమానం వచ్చింది."

"పురుగుకా, ఫోటో తీసినాయనకా?" అని ఆమె నవ్వెను గాని, ఆ బొమ్మను మాత్రము విడువలేదు. అద్దములు సవరించుకొని దగ్గరగాను దూరముగాను పట్టి చూచి, కొంతసేపటికి తనలో తాననుకొన్నట్లు, "యాబై ఏండ్లసంది చెరిగి పారబోస్తున్న, ఒక్కనాడన్న దీని రెక్కలు చూడకపోతి" అనెను. ఆ మాట మాకు మనసున నాటినది. ఈ వ్యాసమునకు మూలమదియే.

ఆ బహుమానపు సంగతి పాఠక సోదరీమణులకు కొంత విన్నవించవలసియున్నది. కెమెరాలను, సూక్ష్మదర్శినులను చేయు నికాన్ అను జపాను సంస్థ 'స్మాల్ వరల్డ్' అను పేరిట, సూక్ష్మదర్శినిగుండ తీసిన ఛాయాచిత్రములకు 1975వ సంవత్సరమునుండి ఏటేట పోటీ జరుపుచున్నది. 2025లో జరిగినది యేబదియొకటవ పోటీ. ఇందు శాస్త్రజ్ఞులేకాక, ఇంటిలో సూక్ష్మదర్శిని నొకదానిని పెట్టుకొని వినోదార్థము చిత్రములు తీయువారును పాల్గొనవచ్చును. పెద్ద ప్రయోగశాలలవారిని త్రోసిరాజని అట్టివారు గెలిచిన సందర్భములును కలవు. 2015లో మొదటి బహుమానము పొందిన రాల్ఫ్ గ్రిమ్ అను ఆస్ట్రేలియా దేశీయుడు బడిపంతులు; అంతకుముందు తేనెటీగలను పెంచినవాడు. పూలపుప్పొడి చల్లబడిన తేనెటీగ కన్నును ఆయన చిత్రించెను. గెలిచిన చిత్రములు పెద్దవిగా అచ్చువేయబడి అమెరికా దేశమందలి మ్యూజియములకు, విజ్ఞానశాలలకు పోవుచుండును. మన సురభి నాటక సమాజములవారు తెరలను, సామానులను బండ్లకెత్తుకొని ఊరూర తిరిగినట్లే యనుకొనుడు. ఆ ప్రదర్శనమును గోడలమీద చూచు భాగ్యము మాకు కలుగలేదు. మేము చూచినదంతయు అరచేతిలోని తెరమీదనే.

2025లో మొదటి బహుమానము చీనాదేశీయుడగు ఝాంగ్ యూ అనువానికి లభించినది. చిత్రమున నున్నది ఒక బియ్యపు గింజ. దానిపై రెక్కలు రెండును విప్పి నిలిచిన ముక్కుపురుగు. గింజ యొక తెల్లని పడవవలె నున్నది. పురుగు ముక్కు ఏనుగు తొండమునకు చిన్న చెల్లెలు. వీపుమీది గట్టి పెంకులు తలుపులవలె ఇరుప్రక్కలకు తెరచుకొనగా, వాని క్రిందినుండి పలుచని రెక్కలు గాజుగుడ్డవలె బయటికి వచ్చియున్నవి. అట్టి భంగిమ మనుష్యుడు సూదులతో సవరించి నిలుపుటకు మిక్కిలి కష్టమైనది, ఏలయన పురుగు పొడవు 2 లేక 3 మిల్లీమీటర్లకు మించదు. ఆ చిత్రకారునకు తన కిటికీ గట్టుమీదనే, రెక్కలు విచ్చుకొనియుండగానే సహజముగా ఎండిపోయిన పురుగొకటి దొరకెనట. మనమైనచో చీపురుతో ఊడ్చివేసియుందుము.

ఇక ఆ పురుగు చరిత్ర. ఇది మన వంటయింటి చరిత్రయే కనుక కొంత తీరికగా చెప్పుకొందము. ఆడుపురుగు తన ముక్కుతో గింజకు సన్నని రంధ్రము తొలిచి, అందొక గ్రుడ్డుపెట్టి, వెనువెంటనే బంకవంటి పదార్థముతో ఆ రంధ్రమును పూడ్చివేయును. గోడకు మేకుకొట్టి తీసిన గుంటను సున్నముతో పూడ్చినట్లుండును; కంటికి జాడ తెలియదు. ఇట్లు ఒక్క తల్లి తన జీవితకాలమున 300 వరకు గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల కాళ్లులేని తెల్లని పురుగు. అది గింజలోపలనే యుండి, లోపలి పిండిని తినుచు పెరిగి, అచ్చటనే రూపము మార్చుకొని, సుమారొక నెలకు ముక్కుతో గోడ తొలిచికొని బయటికి వచ్చును. మనము చూచు రంధ్రము పురుగు పోయిన త్రోవ కాదు, వచ్చిన త్రోవ.

ఇది తెలిసినచో ఒక చిరకాలపు సందేహము తీరును. శుభ్రముగా చెరిగి, ఒక్క పురుగైన లేకుండ డబ్బాలో పోసిన బియ్యమున మూడు వారములకు మరల పురుగెట్లు పుట్టినది? మూత గట్టిదే, డబ్బా క్రొత్తదే. తప్పు చెరిగిన కోడలిదని కొన్ని యిండ్ల తీర్పు. అంగడివాడు మోసము చేసెనని మరికొన్ని యిండ్ల తీర్పు. నిజమునకు పురుగు మనము చెరిగిననాడే గింజలోపల నుండెను. చాట బయటనున్నదానినే వేరుచేయగలదు. వేపాకు, ఎండుమిరపకాయలు వేయు ఆచారము మా యింటను కలదు. వాని ఘాటునకు బయటి పురుగు కొంత తొలగవచ్చును గాని, గింజలోపల గదిగట్టుకొని కూర్చున్నదానిని అవియేమి చేయగలవని మా శంక. కొలది బియ్యమైనచో ఫ్రిజ్జులోని మంచుగదియందు వారము దినములుంచుట మేలు. అందు గ్రుడ్డును, పిల్లయు, తల్లియు నశించును. పాత బియ్యము అడుగున నుండగా క్రొత్త బియ్యము పైన పోయుట మాత్రము ముమ్మాటికి పనికిరాదు. అది మిగిలినవానిని విందునకు పిలుచుటయే.

ధాన్యమే పురుగుగా మారునని పూర్వము ఐరోపాలోనివారును నమ్మియుండిరి. ఆ నమ్మకమును తొలగించినవాడు ఆంటోనీ లేవెన్ హుక్. ఈయన హాలెండు దేశమున డెల్ఫ్ట్ పట్టణమందు బట్టల వర్తకుడు. నేతలోని పోగులను లెక్కించుటకు వర్తకులు భూతద్దములు వాడుచుండెడివారు. ఈయన ఆ యద్దములను తానే సానబట్టి, పూసంత చిన్నవిగా చేసి, వానిగుండ లోకమునెల్ల చూడసాగెను. గాదెలలోని ముక్కుపురుగులను పరిశీలించి, అవి ధాన్యమునుండి పుట్టుటలేదనియు, రెక్కలుగల తల్లులు పెట్టిన గ్రుడ్లనుండియే పుట్టుచున్నవనియు ఆయన చూపెను. అనగా 2025లో బహుమానము పొందిన రెక్కలు పదునేడవ శతాబ్దమునాడే సాక్ష్యము చెప్పియున్నవన్నమాట.

ఈ బట్టల వర్తకునకు మన వంటయింటితో మరియొక బంధుత్వము కలదు. మిరియము నాలుకపై నేల మండును? దానికి కంటికి కనబడని ముండ్లున్నవేమో యని ఆయనకు సందేహము కలిగెను. మిరియములను నీట నానవేసి, కొన్నాళ్లకు ఆ నీటిబొట్టును అద్దముక్రింద పెట్టి చూచెను. ముండ్లు లేవు, గుంపులు గుంపులుగా అతిసూక్ష్మ ప్రాణులు మాత్రము తిరుగుచుండెను. 1676లో ఆయన ఈ వార్తను లండనునందలి రాయల్ సొసైటీకి లేఖగా వ్రాసెను. నేడు మనము బాక్టీరియా యని పిలుచు జీవులను మానవుడు మొదట కనిపెట్టిన ఘట్టములలో ఇదియొకటి. నానవేసిన మిరియముల నీరు! మన యిండ్లలో ఎన్ని తరములవారు దానిని పారబోసియుందురో.

సరే, ఇట్టి చిత్రములను తీయుట యెట్లు? సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి మీట నొక్కిన చాలుననుకొందుము. అంత తేలిక కాదు. వస్తువును ఎంత పెద్దదిగా చూపిన, అద్దమునకు స్పష్టముగా కనబడు మందము అంత తగ్గిపోవును. ముక్కుపురుగు ముక్కుకొన స్పష్టముగా నున్నపుడు కన్ను మసకగును. కన్ను తేరినపుడు రెక్క మసకగును. అందుచే ఉల్లిపాయను పొర తరువాత పొర ఒలిచినట్లు, పురుగును పైనుండి క్రిందివరకు వెంట్రుకవాసి చొప్పున జరుపుచు చిత్రము తరువాత చిత్రము తీయుదురు. ప్రతి చిత్రమునందును తేటగానున్న భాగమును మాత్రము గ్రహించి, కంప్యూటరు సాయముతో అన్నిటిని ఒకటిగా కూర్తురు. ఝాంగ్ యూ చిత్రము ఇట్లు నూటికి మించిన చిత్రములను కూర్చినది. అనగా ఒక్కసారి చూచి ముగించినది కాదు, నూరుమార్లు చూచినది.

రంగుల విషయమై ఒక్కమాట. ఈ ప్రదర్శనపు చిత్రములలో పచ్చలు, కెంపులు, నీలములు చూచి ప్రకృతిలో అన్నియు అట్లే యుండునని భ్రమపడరాదు. కొన్ని రంగులు సహజములు. కొన్ని, కణములోని ఆయా భాగములు వేరువేరుగా తెలియుటకై అద్దకమువలె ఎక్కించినవి; అట్టి అద్దకములపై ఒక తీరు వెలుగు ప్రసరించినచో అవి మిణుగురులవలె తాము మెరయును. 2019లో థెరీసా జ్గోడా, థెరీసా కూగ్లర్ అను ఇరువురు స్త్రీలు మొదటి బహుమానము పొందిన తాబేటిపిల్ల చిత్రము ఈ తీరుదే. ఇంకను గ్రుడ్డువెడలని ఆ పిల్ల చిప్పయు, ఎముకలును దీపాలంకరణ చేసిన గుడివలె మెరయుచుండును. కొందరు దీనిని చూచి, ఇది నిజమా, వేషమా యని యడుగుదురు. మాకు తోచినంతవరకు, ముగ్గు వేసినపుడు గడప గడపయే గదా; ముగ్గుచే దాని అంచులు తెలిసినవి, అంతియే. అయినను ఏ రంగు ప్రకృతిది, ఏది అద్దినది యని చిత్రము క్రింద వ్రాయుట న్యాయమని మా మతము.

2025 పోటీలోని రెండవ, మూడవ బహుమానములును మన పెరటిలోనివేయని చెప్పవచ్చును. రెండవది నీటిబొట్టులో తేలియాడు వోల్‌వాక్స్ అను పాచిజాతి. పచ్చని ముత్యములవలె నుండును. మూడవది సాలెగూటిలో చిక్కిన పుప్పొడి. బూజుకర్రతో ప్రతి శుక్రవారము మనము దులుపునది ఆ చిత్రమున రత్నహారమై వ్రేలాడుచున్నది. ఇట్లని బూజు దులుపుట మానుడని మేము చెప్పుటలేదు!

ఈ చిత్రములన్నిటిలో మమ్ము గట్టిగా పట్టుకొన్నది వేరొకటి. అది 2010లో మొదటి బహుమానము పొందిన దోమ గుండె. చిత్రించినవాడు అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమునకు చెందిన జోనాస్ కింగ్. దోమకు గుండె యుండునా యని మీరడుగవచ్చును. ఉండును, వీపు పొడవున సన్నని గొట్టమువలె సాగి, చుట్టును కండరములు చిలుకకొయ్యలకు కట్టిన త్రాళ్లవలె అల్లుకొని యుండును. ఆ దోమ అనాఫిలిస్ జాతిది, మలేరియాను మోయునది. ఈ జాతిదోమకును మన తెలుగునాటికిని ఉన్న సంబంధము లోకమెల్ల నెరిగినదే.

1897లో సికింద్రాబాదునకు చేరువనున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు మలేరియా రహస్యమును వెదకుచుండెను. ఆగస్టు నెల, ఉక్క మెండు. పంకా వేసినచో కోసి పెట్టిన దోమల అవయవములు ఎగిరిపోవును కనుక పంకా లేదు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. ఉన్న ఒక్క కంటియద్దము బీటవారినది. హుసేన్ ఖాన్ అను రోగిని దోమలచే కుట్టించి, కాటున కొక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమలను ఒకటి తరువాత ఒకటి కోసి చూచుచుండెను. ఆగస్టు 20వ తేదీన, రెక్కలపై మచ్చలుగల ఒక దోమ పొట్టగోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు ఆయన కంటబడెను. అవి మలేరియా పరాన్నజీవులు. దోమయే ఈ జ్వరమునకు వాహనమని తెలియుటకు అదియే ద్వారము. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరిశోధన చేసి దోమకాటుచే జ్వరము వ్యాపించు తీరును ఆయన నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము పొందెను. బేగంపేటలోని ఆ భవనము నేటికిని రాస్ పేరిట నిలిచియున్నది. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు.

రాస్ చూచిన ప్రాణిని మేమును చూచితిమి. అది చిత్రమున కాదు. మా అమ్మాయికి ఏడేండ్లప్పుడు ములుగు వైపున బంధువుల యింట పెండ్లికి పోయి వచ్చితిమి. రెండు వారములకు పిల్లకు చలిజ్వరము పట్టుకొనెను. మూడు దుప్పట్లు కప్పినను పండ్లు టకటక కొట్టుకొనుచుండెను; గంట గడచులోపల ఒళ్లు పెనమువలె కాలుచుండెను. దిష్టి తగిలినదని కొందరు, పెండ్లిలో నూనెపిండివంటలు పడలేదని కొందరు చెప్పిరి. మేము రెండు దినములు ఆ మాటలు వినుటలోనే గడపితిమి. ఈ సంగతి వ్రాయుటకు నేటికిని చేయి వెనుకాడుచున్నది. మూడవనాడు ఒక వైద్యశాలకు ఎత్తుకొనిపోగా, అచ్చటి పరీక్షకుడు వ్రేలికొననుండి రక్తపుబొట్టు తీసి, గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిక్రింద పెట్టెను. కొంతసేపటికి మావైపు తిరిగి, "అమ్మా, చూస్తరా?" అని లేచి చోటిచ్చెను.

ఎర్రకణములు గులాబీ రంగు బిళ్లలవలె నుండెను. వానిలో కొన్నింటిలోపల నీలపు ఉంగరమొకటి. ఉంగరముపై ఎర్రని రాయివంటి చుక్క. ఇంత అందమైనదా మా పిల్లను మూడునాళ్లు వణకించినది యని నిర్ఘాంతపోతిమి. ఆ క్షణమున మా మనసునుండి దిష్టియు, పిండివంటలును తొలగిపోయెను. ఇచ్చిన మందును పూటపూటకు లెక్కించి, జ్వరము తగ్గిన తరువాతను మానక, చివరి మాత్రవరకు వేసితిమి. చూచినది కనుకనే వేసితిమి. పిల్ల కోలుకొనెను. నాటినుండి మా యింట నీటి తొట్లను, కూలరును వారమున కొకసారి ఖాళీచేసి తోమి ఎండబెట్టనిది నిద్రపట్టదు. దోమ గ్రుడ్డు దోమ యగుటకు వారము పదిదినములు చాలును గదా.

అదియే మేము సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి చూచిన మొదటిసారి. అప్పటికి మాకు ముప్పదియేండ్లు దాటినవి. చదువుకొనలేదా యని యడుగుదురేమో. చదివితిమి. మేము చదివిన పాఠశాలలో, దాని పేరెందులకు, ఒక్కటే సూక్ష్మదర్శిని యుండెడిది. ఏడాదికొకసారి బీరువా తాళము తీసి బల్లమీద పెట్టెడివారు. ఉల్లిపొర చూపెదమనిరి. మగపిల్లలు ముందు వరుస, ఆడపిల్లలు వెనుక వరుస. మా వరుస కదలులోపల గంట కొట్టిరి. మరుసటి యేడును గంటయే కొట్టిరి. పరీక్షలో మాత్రము ఉల్లిపొర కణముల బొమ్మ వేయుమనిరి; పుస్తకములోని బొమ్మను చూచి వేసితిమి, మార్కులును వచ్చినవి. ఎవరిమీదను ద్వేషము లేదు. అడుగక ఊరకుండిన తప్పు మాదియు కలదు. ఇంటిలో రోజుకు రెండు ఉల్లిపాయలు తరిగెడి చేతులకు ఆ పొరలోపలి యిటుకల వరుస కనబడుటకు మరి పాతికయేండ్లు పట్టెను.

ఆడువారికి ఈ పని చేతగాదనువారుందురు కనుక ఒక్క పేరు చెప్పెదము. 1897లో, అనగా రాస్ దోమను కోసిన సంవత్సరముననే, మలయాళ దేశమున జన్మించిన జానకీ అమ్మాళ్ అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునుండి 1931లో డాక్టరు పట్టము పొంది, కోయంబత్తూరునందు చెరకుమొక్కల కణములను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, వానిలోని క్రోమోజోములను లెక్కించెను. సాగుమొక్కల క్రోమోజోములనుగూర్చి డార్లింగ్టనుతో కలిసి ఆమె రచించిన గ్రంథము 1945లో వెలువడెను. క్రోమోజోములనగా దారపుముక్కలవంటివి, ఒకదానిపై నొకటి పడి చిక్కులుపడియుండును. వానిని తప్పక లెక్కించుటకు, మినుములలో రాళ్లేరు కన్ను కావలయును.

నిజాము పాలనమున వరంగల్లు సుబాకు అధికారియగు సుబేదారు పేరిట వెలసిన పేట మాది. కాకతీయ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల యిచ్చటనే కలదు. సముద్రములు దాటి ఆ ప్రదర్శనము వచ్చువరకు వేచియుండనేల? బహుమానములు పొందిన చిత్రములు అంతర్జాలమున ఎవరికైనను కనబడును. పదింటిని అచ్చువేయించి ఒక గోడకు తగిలించి, ప్రక్కనొక సూక్ష్మదర్శినిని పెట్టి, పేటలోని తల్లులను, అమ్మమ్మలను ఒక మధ్యాహ్నము పిలిచినచో పండుగవలె నుండదా? గంట మాత్రము కొట్టరాదు.

మా యింట ఈ పని చిన్న మొత్తమున జరిగినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున నున్న మను ప్రకాశ్ అను భారతీయుడును ఆయన సహచరులును 2014లో లోకమునకు చూపిన కాగితపు సూక్ష్మదర్శిని యొకటి కలదు. పేరు ఫోల్డ్‌స్కోప్. అట్టకాగితమును గీతల వెంబడి మడచి, నడుమ చిన్న గాజుపూసను బిగించుటయే. వస్తువు 140 రెట్లు పెద్దదిగా కనబడును. లేవెన్ హుక్ వాడినదియు ఇట్టి ఒంటి పూసయే కనుక, బట్టల వర్తకుని పనిముట్టు కాగితపు చొక్కా తొడిగికొని మరల వచ్చినదనవచ్చును. మా అమ్మాయి దానిని తెప్పించి, ఒక ఆదివారము సాయంకాలము వసారాలో పెట్టెను. ఎదురింటి అక్కయు, ప్రక్కింటి కోడలు తన చిన్నపిల్లతోను వచ్చిరి.

మొదట ఉల్లిపొర పెట్టితిమి. గాయములకు రాయు అయోడిను చుక్క వేయగా గోడలు తేరి, గదిగదికి నడుమ చుక్క కనబడెను. మందారపు పుప్పొడి ముండ్లబంతులవలె నుండెను. అది చూచి ఎదురింటి అక్క, "బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు కూడ చూడాలె" అనెను. తరువాత ముక్కుపురుగు. చూచితిమి గాని కొంత నిరాశయే. వెలుగు దానిగుండ పోలేదు కనుక నల్లని మచ్చగా నుండి, కాలు మాత్రము రంపపు పండ్లతో తేటగా కనబడెను. బహుమానపు చిత్రమెక్కడ, మా మచ్చయెక్కడ!

మా అత్తగారు అప్పటివరకు మాటాడలేదు. లేచి లోపలికి పోయి, గిన్నెడు నీటిలో గుప్పెడు బియ్యము పోసి తెచ్చెను. గింజలన్నియు మునిగినవి, నాలుగైదు మాత్రము తేలినవి. వానికి రంధ్రము లేదు, చూచుటకు మంచి గింజలే. "తేలినయంటె లోపల బోలుగున్నయ్" అని ఆమె అడకత్తెర తెచ్చి ఒకదానిని మెల్లగా చీల్చెను. లోపల, ఆవగింజలో సగమైన లేని తెల్లని ప్రాణి ముడుచుకొని యుండెను. పుస్తకములు చదివిన మాకు ఈ యుపాయము తోచలేదు సుమా. మా అమ్మాయి దానిని నీటిచుక్కలో కాగితపు పలకపై నుంచి, వెనుకనుండి సెల్‌ఫోను దీపము పట్టి, నానమ్మ చేతికిచ్చెను.

శుక్లము తీయించుకొన్న కంటిని తెరచి, రెండవదానిని కొంగుతో మూసికొని, ఆమె చాలసేపు చూచెను. చేయి వణకినపుడెల్ల బొమ్మ జారిపోవుచుండెను; మరల వెదకి పట్టుకొనుచుండెను. "కదులుతున్నదే... నోరు ఎర్రగున్నది... అగో, మల్ల కదిలింది." మేము చేయి చాచితిమి. ఆమె ఈయలేదు. ప్రక్కింటి పిల్ల ఆమె చీర కుచ్చెళ్లు పట్టి లాగుచు, "అవ్వా, నా వంతు, నా వంతు" అనుచుండెను.